మీరున్న ఊరి చర్చిలో పేరు రాయించుకోండి: బ్రిటన్‌లోని తెలుగు క్రైస్తవ సహవాసాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి బాధ్యులకు వందనాలు.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ సహవాసాలకు వచ్చే కుటుంబాల్లో పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కాపురముంటున్నవారు చాలామందే ఉన్నారు. వారందరినీ తామున్న ఊరి ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) చర్చిలో పేరు రాయించుకోమని మీ వేదిక మీద నుంచి చెప్పండి. నెలలో కనీసం రెండు ఆదివారాలు ఉదయం పూట వారిని ఆ చర్చికి వదిలిపెట్టండి. తెలుగు ఆరాధన మానుకోమని అనడం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకోకపోతే నాకూ ఊపిరాడదు.

ఇదే మాట ఒక సహవాసం పెద్దలతో విడిగా అన్నాను. "అక్కడ ఏముందమ్మా, నలుగురు ముసలివాళ్లు తప్ప" అని నవ్వేశారు. మరో కూటమిలో ప్రసంగీకులు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంగ్లండు చర్చిలు చచ్చిన సంఘాలనీ, వాటిని లేపడానికే దేవుడు మనల్ని విమానం ఎక్కించాడనీ సెలవిచ్చారు. హాలంతా ఆమేన్ అంది. అక్కడున్నవారిలో తమ ఊరి చర్చి గడప తొక్కినవారు ఎందరని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. నాడి చూడకుండా మరణ ధ్రువపత్రం రాయడం మా వైద్య రంగంలో నేరం. అందుకే ఈ సంగతి నలుగురిలో పెడుతున్నాను.

నేను కృష్ణా జిల్లాలో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగినదాన్ని. ఇప్పుడు ఇంగ్లండులోని తూర్పు మిడ్‌లాండ్స్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో నర్సును. మా ఊరితో కలిపి ఏడు ఊళ్లు, ఏడు చర్చిలు, అన్నింటికీ ఒక్కరే వికర్, అంటే గురువు. మొదటి ఆదివారం మా ఊళ్లో ప్రభు భోజనం ఉంటే రెండో ఆదివారం కాలువ అవతలి ఊళ్లో ఉంటుంది. వికర్ రాని వారం గురువు కాకపోయినా లైసెన్సు పొందిన విశ్వాసి ఒకరు ఆరాధన నడిపిస్తారు. ఐదో ఆదివారం వచ్చిన నెలలో ఏడు ఊళ్లవారం ఒకే చోట కలుస్తాం. ఎప్పుడు ఎక్కడ అన్నది గుమ్మం పక్క బోర్డు మీద అంటించి ఉంటుంది. ఆ కాగితం అర్థం చేసుకోవడం కన్నా మా వార్డు రోటా (వంతుల పట్టిక) అర్థం చేసుకోవడమే తేలిక.

ఊళ్లను కలిపారు కానీ, బాధ్యతలను కలపలేదు. ఏ ఊరి చర్చికి ఆ ఊరి పీసీసీ (మన రాజకీయ పీసీసీ కాదు, పారిష్ చర్చి కౌన్సిల్; పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), చర్చి వ్యవహారాలు చూసే ఇద్దరు చర్చ్‌వార్డెన్లు, సొంత బ్యాంకు ఖాతా ఉంటాయి. ఐదేళ్లకోసారి ఆర్కిటెక్టు వచ్చి కప్పు నుంచి పునాది దాకా చూసి నివేదిక ఇవ్వాలి. గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి ఎవరిదో కనుక్కోవాలి. కప్పు మీద సీసం రేకులు దొంగలు ఎత్తుకుపోతే, వాన నీరు ఆర్గన్ మీద పడకుండా బకెట్లు పెట్టాలి. గబ్బిలాలకు చట్టం రక్షణ ఉంది కనుక వాటిని తరమకూడదు, కాబట్టి శనివారం సాయంత్రం ఎవరో ఒకరు ప్రభు భోజనపు బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి, ఆదివారం ఉదయం తీసి, కింద రాలినది ఊడ్చాలి. మా ఊళ్లో ఆ "ఎవరో ఒకరు" ఎనభై దాటిన ఒక పెద్దావిడ. ఆ నలుగురు ముసలివాళ్లలో ఒకరు.

మా వికర్‌ను చూస్తే జాలేస్తుంది. ఏడు పీసీసీ సమావేశాలు, ఏడు కోత పండుగలు, ఏడు క్రిస్మస్ పాటల ఆరాధనలు. వాక్యం మీద ఎంత సమయం పెడతారో వాన గొట్టాల మీద దాదాపు అంతా పెట్టాల్సి వస్తోంది.

ఇంగ్లండు ఊరివాళ్లు దీన్ని పతనంగానే చూస్తారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. ఒకప్పుడు ప్రతి ఊరికీ సొంత గురువు, ఆయనకో బంగళా. ఇప్పుడు ఆ బంగళా గేటు మీద "పాత రెక్టరీ" అన్న పలక మిగిలింది, లోపల నగరంలో డబ్బు సంపాదించుకున్నవారెవరో ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లింకన్‌షైర్‌లో సౌత్ ఆర్మ్స్‌బీ చుట్టూ ఉన్న చిన్న ఊళ్లను ఒక గుంపు చేసినప్పుడు అదొక ప్రయోగం. ఇప్పుడది మామూలు సంగతి. లెస్టర్ డయోసీస్ (బిషప్ పరిధి) అయితే 2021లో రెండు వందలకు పైగా పారిష్‌లను ఇరవై, పాతిక పెద్ద బృందాలుగా కలపాలని నిర్ణయించుకుంది. అప్పటి నుంచి ఆ వైపు ఊళ్లలో ఎవరిని కదిలించినా అదే మాట: "మా వికర్ మాకు లేకుండా పోతారు."

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మన పాస్టరేట్లు గుర్తుకొస్తాయి. మీరే చెప్పండి, కృష్ణా డెల్టాలోనో, డోర్నకల్ వైపో, నంద్యాల వైపో మన పల్లె సంఘాల్లో అయ్యగారు ఎప్పుడు కాపురమున్నారు? ఒక పాస్టరేటు కింద పది పదిహేను ఊళ్లు. అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభు భోజనం ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి ఉండేవాడు, ఆయన లేకపోతే సంఘ పెద్ద ఉండేవాడు, ఆయనా పొలం పోతే మా మేనత్త లాంటి వాళ్లు ప్రార్థన చేసి కీర్తన ఎత్తుకునేవారు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన కాలంలో ఆ పల్లె సంఘాలు పెరిగింది బంగళాల్లో ఉన్న గురువుల వల్ల కాదు, బడి చెబుతూ ఆరాధన నడిపిన ఉపదేశుల వల్ల, వారి భార్యల వల్ల. గురువు ఊళ్లో లేకపోవడం ఇక్కడివాళ్లకు కొత్త, మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ఈ దేశపు పల్లె సంఘాలకు మనం ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే అది పెద్ద మైకులు, డ్రమ్ములు కాదు. అయ్యగారు రాని ఆదివారం కూడా ఆదివారమే అన్న ధీమా.

"చచ్చిన సంఘాలు" అన్న మాటకు వస్తాను. ఆదివారం ఉదయం తలలు లెక్కపెడితే మీరన్నది నిజమనిపిస్తుంది. రెండు వందల మంది పట్టే చోట పదకొండు మందిమి కూర్చుంటాం, అదీ తలా ఒక మూల. కానీ ఇంగ్లండు పల్లెలో చర్చి లెక్క ఆదివారంతో తేలదు.

పోయిన చలికాలం మా ఊళ్లో ఒక ముసలి రైతు చనిపోయాడు. ఆయన ఆదివారం చర్చికి రావడం నేను చూడలేదు. సమాధి రోజు చర్చి లోపల నిలబడటానికి చోటు లేక బయట సమాధుల మధ్య జనం గొడుగులు వేసుకుని నిలబడ్డారు. పనిబూట్ల బురద గుమ్మంలో తుడుచుకుని వచ్చిన పాలేర్లు, పశువుల డాక్టరు, ఆయనతో ముప్పై ఏళ్లు గట్టు తగాదా పడిన పక్క పొలం కామందు, అందరూ వచ్చారు. ఊరివాడైతే చాలు, చర్చి ఆవరణలో చోటు ఉన్నంతకాలం, దాన్ని మూసివేయనంతకాలం అక్కడ సమాధి హక్కు ఉంటుంది. ఏమి నమ్మావని అడగరు. ఉదయం ఏడింటి నుంచి ఊరి హాలులో ముగ్గురు ఆడవాళ్లు రొట్టెలకు వెన్న రాస్తూనే ఉన్నారు. వారిలో ఒకరి మోకాలికి వారం కిందటే ఇంజెక్షన్ ఇచ్చారని నాకు తెలుసు కనుక కూర్చోమన్నాను. కూర్చుంది, కానీ కత్తి వదల్లేదు. వికర్ ఆ రైతు గురించి మాట్లాడిన పది నిమిషాల్లో ఆయన ఆవుల పేర్లు కూడా వచ్చాయి. మా ఆశ్రమంలో ఆయన మంచం పక్కన మా వికర్ కూర్చున్న మధ్యాహ్నాల్లో విన్న పేర్లవి.

దాన్ని చచ్చిన సంఘం అనడానికి నాకు నోరు రాదు.

నవంబరు రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర, క్రిస్మస్‌కు ముందు కొవ్వొత్తుల ఆరాధనలో, తల్లుల ఆదివారం పిల్లలు చిన్న పూలగుత్తులు పంచేటప్పుడు కూడా ఊరంతా వస్తుంది. ఇక కోత పండుగ. ఇక్కడ చర్చిల్లో జరిగే కోత పండుగ మరీ పాతదేమీ కాదు. కార్న్‌వాల్‌లోని మార్వెన్‌స్టో వికర్ రాబర్ట్ హాకర్ 1843లో మొదలుపెట్టిన ఆరాధనతో అది ఇప్పటి రూపానికి వచ్చింది. మన సంఘాల్లో ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు బల్ల ముందు పెట్టి ఆరాధన అయ్యాక వేలం పాడతారు కదా, మా బృందంలోనూ శనివారం రాత్రి విందు తర్వాత వేలమే. పోయిన ఏడాది నేను గోంగూర పచ్చడి సీసా పెట్టాను. దాని కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి ఒక సీసా పచ్చడికి ఇవ్వకూడని ధర దాకా వెళ్లారు. కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో ఒక్క గుమ్మడికాయ కోసం రెండు కుటుంబాలు ఇలాగే పోటీపడి, తర్వాత నెలల తరబడి మాట్లాడుకోలేదు. ఇక్కడ ఓడినాయన గెలిచినాయన దగ్గరికి వెళ్లి ఒక చెంచా అడిగి తీసుకున్నాడు. తర్వాత చాలాసేపు మంచినీళ్ల జగ్గు దగ్గరే నిలబడ్డాడు.

"తెల్లవాళ్లు మనల్ని కలుపుకోరు" అన్నది మీ వైపు నుంచి ఎక్కువగా వినే ఫిర్యాదు. అది పూర్తిగా అబద్ధమని చెప్పను. మొదటి ఏడాది ఎవరూ నన్ను ఇంటికి పిలవలేదు. పలకరింపు వాతావరణం దగ్గర మొదలై వాతావరణం దగ్గరే ఆగిపోయేది. తర్వాత అర్థమైంది, ఇక్కడ ఇంటికి పిలవడానికి ముందు పనికి పిలుస్తారు. కాఫీ రోటాలో పేరు వేశారంటే చుట్టరికం కలిసినట్టే. ఇత్తడి తోమడం, పూలు అమర్చడం, పాటల నంబర్లు బోర్డులో పెట్టడం, ఇవేవీ చేయకుండా వచ్చి కూర్చుని వెళ్లేవారిని ఎంతకాలమైనా అతిథిగానే చూస్తారు. మర్యాదగా, దూరంగా. మనవాళ్లు ఆ మర్యాదను చూసి, ఇక లోపలికి దారి లేదనుకుని కారు తిప్పేస్తారు.

ఒకావిడ కాఫీ దగ్గర నన్ను అడిగింది, మీవాళ్లు ఎప్పుడు క్రైస్తవులయ్యారు అని. ఆ గొంతులో కొంచెం వింత ఉంది. ఫ్రిస్బీ ఆన్ ద రీక్ తెలుసా అని ఎదురు అడిగాను. ఎందుకు తెలియదు, లెస్టర్‌షైర్‌లో చిన్న ఊరు అంది. ఆ ఊరి వికర్ కొడుకు రాబర్ట్ నోబుల్ 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి మిషనరీగా మచిలీపట్నం వచ్చారనీ, 1843లో అక్కడ పెట్టిన బడి ఇవాళ్టికీ నోబుల్ కాలేజీగా ఆయన పేరు మోస్తోందనీ, 1865లో ఆయన అక్కడే కన్నుమూశారనీ చెప్పాను. మిషన్ పెట్టెల్లో ఇలాంటి పల్లెలవాళ్లు వేసిన చిల్లరతోనే మా తాతల బడులు నడిచాయని కూడా చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. మరుసటి వారం, అర్ధ సంవత్సరపు ఖాతాలు చూడటానికి సాయం వస్తావా అని అడిగింది. అలా పీసీసీలోకి వెళ్లాను.

ఇప్పుడు రావడం పోవడం రెండువైపులా ఉంది. లఫ్‌బరో బిషప్‌గా 2022లో అభిషేకం పొందిన సాజు ముత్తలాలి కేరళలో పుట్టినవారు. మన తెలుగువారు అంతదూరం వెళ్లనక్కర్లేదు, ముందు కాఫీ రోటా దాకా వస్తే చాలు.

నిబంధనల సంగతి చాలామందికి తెలియదు కనుక రాస్తున్నాను. 1947లో ఏర్పడిన మన సీఎస్‌ఐకి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌తో సహవాస బంధం ఉంది. అందువల్ల బాప్తిస్మం పొంది, పదహారేళ్లు నిండి, ఆ పారిష్‌లో నివసిస్తున్న సీఎస్‌ఐ సభ్యులు ఒక్క కాగితం నింపి చర్చి సభ్యుల జాబితాలో చేరవచ్చు. లూథరన్, బాప్టిస్టు సంఘాల నుంచి వచ్చినవారికి వేరే దారి ఉంది, ఆరు నెలలు క్రమంగా హాజరై దరఖాస్తు ఇవ్వాలి. మీ పాత సభ్యత్వం వదులుకోమని ఎవరూ అడగరు. జాబితాలో ఆరు నెలలు ఉన్నాక పీసీసీకి నిలబడవచ్చు. చర్చ్‌వార్డెన్ల ఎన్నిక ఇంకా విచిత్రం. ఆ పారిష్‌లో నివసిస్తూ స్థానిక ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ అందులో ఓటు ఉంది, మతం ఏదైనా సరే. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా ఆ ఓటర్ల జాబితాలో చేరవచ్చు కాబట్టి, మీ పక్కింటి హిందూ డాక్టరుగారు కూడా ఏటా మే నెలాఖరులోగా జరిగే ఆ సమావేశానికి వచ్చి చేయెత్తవచ్చు. పోయినసారి మా ఊరి సమావేశానికి తొమ్మిది మంది వచ్చారు. ఐదు తెలుగు కుటుంబాలు వచ్చి ఉంటే వారే మెజారిటీ అయ్యేవారు. (మెజారిటీ కోసం రమ్మనడం లేదు. వార్డెన్ పదవికి నిలబడే మనిషే దొరకడం లేదు, పోటీ సంగతి తర్వాత.)

స్వలింగ జంటల కోసం ప్రార్థనలు 2023 చివర్లో అనుమతించారు కదా, అలాంటి చర్చికి మా పిల్లలను ఎలా పంపాలని మీలో కొందరు అడుగుతారు. ఆ విషయంలో ఎవరి మనస్సాక్షి వారిది, ఇక్కడ వాదించను. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. జాతీయ సినడ్‌లో (చర్చి మహాసభలో) గురువులు కాని విశ్వాసుల ప్రతినిధులను ఎన్నుకునేది డీనరీ (కొన్ని పారిష్‌ల సముదాయం) సినడ్ సభ్యులు, వారిని పంపేది ఊరి చర్చి వార్షిక సమావేశం. ఎటు వాదించాలన్నా దారి ఆ తొమ్మిది మంది సమావేశం గుండానే పోతుంది.

పిల్లల సంగతి వచ్చింది కనుక. తెలుగు ఆరాధనలో తెలుగు నేర్చుకుంటారని అంటారు, నిజమే, నేర్చుకోవాలి. కానీ వారు సోమవారం నుంచి శుక్రవారం దాకా బతికేది ఈ ఊళ్లో. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఆరాధన అంటే విసుగు, చర్చి గంటలు మోగించడమంటే ప్రాణం. మా చర్చి గోపురంలో ఆరు గంటలు, ఆరు తాళ్లు, తాడు పట్టే చోట ఎర్ర, నీలం ఊలు. గంటలు మోగించేవాళ్లు పాట వాయించరు, గంటల వరుసను విడతకోసారి మార్చుకుంటూ పోతారు. ఆరు గంటలకు 720 వరుసలు వస్తాయి, ఒకసారి మోగిన వరుస మళ్లీ రాకూడదు. ఇది లెక్కల ఆట అని తెలిసిన రోజు నుంచి వాడు మంగళవారం సాయంత్రం ఎక్కడికీ రాడు. వాడి పక్క తాడు లాగేది ట్రాక్టరు మెకానిక్, అటు పక్క రిటైరైన టీచరమ్మ. దారిలో వాడిని పేరు పెట్టి పిలిచేవారు ఊళ్లో పదిమంది ఉన్నారు. అరవై మైళ్ల అవతలి హాలులో ఎంత మంచి సండే స్కూలు నడిపినా ఇది ఇవ్వలేరు.

2022లో సంరక్షణ ఉద్యోగులకు వీసాలు తెరిచాక మన పిల్లలు ఎందరో ఇలాంటి పల్లెల్లోని ఆశ్రమాలకు ఒంటరిగా వచ్చారు. కారు లేదు, ఆదివారం బస్సు లేదు. మీ సహవాసం వారికి ఫోనులో కనిపించే వీడియో మాత్రమే. వారు నడిచి వెళ్లగలిగిన ఒకే ఒక్క మందిరం ఆ ఊరి చర్చి. అక్కడ ముందే ఒక తెలుగు ముఖం ఉంటే, కాఫీ పోస్తూ "భోజనం చేశావా" అని అడిగితే, మిగతాది మీకు చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండు వాళ్లను వెనకేసుకు రావడమే నా పని అనుకోకండి. వారికీ మొండితనాలున్నాయి. ఉదయం ఎనిమిదింటి ఆరాధనలో 1662 నాటి ప్రార్థన పుస్తకంలోని ఒక్క అక్షరం కదిలిస్తే ఊరు రెండవుతుంది. కొత్త కుటుంబాల కన్నా పాత బెంచీల మీద ప్రేమ ఎక్కువ. చలి సంగతి చెప్పనే వద్దు. బెంచీ కింద హీటరు పాదాలను కాలుస్తుంది, భుజాలను పట్టించుకోదు. శాలువా తెచ్చుకోండి.

ఇక మీ కార్యవర్గాల చేతిలో ఉన్న పనులు. నెలకు రెండు తెలుగు ఆరాధనలను మధ్యాహ్నం మూడింటికి మార్చండి, ఉదయం ఎవరి ఊళ్లో వారు ఉంటారు. మీ సభ్యుల చిరునామాలు ముందు పెట్టుకుని ఎవరు ఏ పారిష్‌లో ఉన్నారో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ఆ వికర్ల దగ్గరికి పెద్దలు ఇద్దరు స్వయంగా వెళ్లి పరిచయం చేసుకోండి, ఈమెయిలు పంపి ఊరుకోవద్దు. స్కూలు హాళ్లకు కడుతున్న అద్దెలో కొంతైనా, ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ఒక పల్లె చర్చికి వెళ్లేలా చూడండి. దానికి వికర్ అనుమతి, పీసీసీ ఒప్పుదల కావాలి, అడిగితే వినేవారే ఎక్కువ. అయితే కార్లు పక్కవాళ్ల పచ్చిక అంచు మీద పెట్టకూడదు, బిర్యానీ గిన్నెలు మనమే కడిగి వెళ్లాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మూడు తరాలు చెప్పుకుంటారు.

వచ్చే ఏడాది హాలు ఒప్పందాలు మీరు డిసెంబరులో రాసుకుంటారని తెలుసు. ఆ సంతకాలకు ముందే మీ కార్యవర్గ సమావేశంలో ఈ లేఖ చదివి, అవుననో కాదనో జవాబు ఇవ్వండి. మా బృందంలోని ఏడు చర్చిల్లో మూడింటికి మధ్యాహ్నాలు ఖాళీ ఉన్నాయి. వికర్‌తో మాట్లాడే పూచీ నాది.

ఇట్లు,
మీ సహోదరి,
ఏడు ఊళ్ల బృందంలో ఒక పీసీసీ సభ్యురాలు